పెదనాన్న బండికి నేనల్లిన చక్రం

ఫోన్లలో ఇంటర్నెట్ చవకై, ఇంటికో అరకొర నిపుణుడు పుట్టుకొచ్చిన రోజులవి. వీడియో చూస్తే చాలు, బిర్యానీ వండటం దగ్గర్నుంచి బావి తవ్వటం దాకా అన్నీ వచ్చేస్తాయని నమ్మినవాళ్లలో నేనూ ఒకణ్ణి. డిప్లొమా పూర్తిచేసి నర్సీపట్నంలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ (అంటే పగలు కూడా నిద్రపోతూ) ఉండేవాణ్ణి. మా పెదనాన్న పాస్టరు. పెళ్లయినా చావైనా కొయ్యూరు కొండల్లోని పల్లెలకు తన పాత మోటారుసైకిల్ మీదే వెళ్లేవారు. ఆ దారుల దెబ్బకి ముందు చక్రంలో కొన్ని స్పోకులు విరిగి, మిగిలినవి తుప్పుపట్టి, బండి కదిలితే గాజుల చెయ్యి ఊపినట్టు చప్పుడయ్యేది.

మర్నాడు కొండమీద ఒక పెళ్లి జరిపించాలి. మా మెకానిక్కేమో పాయకరావుపేట అత్తారింటికి వెళ్లాడు. "ఇంకో షాపుకి తోలికెళ్లరా" అన్నారు పెదనాన్న. "ఎందుకు పెదనాన్నా, నేనే వేసేస్తాను. వీడియో చూశాను" అన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూశారు. మనుషుల మీద నమ్మకం ఉంచటం ఆయన వృత్తి. "సరే, ఇంజను జోలికి మాత్రం ఎల్లకు" అని లోపలికి వెళ్లిపోయారు.

కొత్త స్పోకుల సెట్టు తెచ్చి, పెరట్లో చక్రం ఊడదీసి, ముందుజాగ్రత్తగా ఫొటో తీసుకుని, స్పోకులన్నీ ఒక్కసారే పీకేశాను. నడిమి హబ్బు ఒక చేతిలో, రిమ్ము ఇంకో చేతిలో మిగిలాక ఫొటో తెరిస్తే, అందులో ఎక్కువ భాగం నా బొటనవేలే ఉంది. వీడియోలో మెకానిక్కు హిందీలో ఏదో చెబుతూ చకచకా అల్లుకుపోతున్నాడు. స్పోకులు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లాలని అర్థమైంది గాని, ఏది దేన్ని దాటాలో అర్థం కాలేదు. సగం పైన అల్లాక చూస్తే, చివరి స్పోకులు చేరాల్సిన రంధ్రాలు వాటికి అందనంత దూరంలో ఉన్నాయి. మళ్లీ అన్నీ విప్పాను. అన్నానికి పిలవడానికొచ్చిన పెద్దమ్మ, పుల్లల మధ్య కూర్చున్న నన్ను చూసి, "ఏట్రా అది, గంప అల్లుతున్నావా? కాస్త లోతుగా అల్లు, జీడిపిక్కలకి పనికొస్తాది" అంది.

సాయంత్రానికి ప్రతి రంధ్రంలోనూ ఒక స్పోకు ఉంది. అంతకు మించి ఏం కావాలనుకున్నాను. బండికి తగిలించి తిప్పి చూస్తే చక్రం కుడికి వంగి, ఎడమకి వంగి, పెళ్లిపందిట్లో పెద్దమనిషిలా అందరికీ దండాలు పెడుతూ తిరిగింది. అటు బిగిస్తే ఇటు లాగింది, ఇటు బిగిస్తే ఎగుడుదిగుడైంది. దేనికీ తగలకుండా తిరిగిన ఒక్క క్షణం చూసి అక్కడితో ఆపేసి, ట్యూబూ టైరూ ఎక్కించేశాను. (నడిస్తే అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను.)

తెల్లారి పెదనాన్న తెల్లబట్టల్లో బండెక్కి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి, "నువ్వూ ఎక్కు" అన్నారు. నేనెందుకని అడిగితే, "ఎక్కమన్నాను గదా" అన్నారు. దారంతా హ్యాండిల్ ఊగుతూనే ఉంది. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలాయన మమ్మల్ని దాటి, వెనక్కి చూసి, జాలిగా బెల్లు కొట్టాడు. పెదనాన్న పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనే అయ్యుంటుంది. అడగలేదు. కొయ్యూరు దాటాక కొండ ఎక్కేచోట ముందు టైరు బుస్సుమని కూర్చుండిపోయింది. రిమ్ములోంచి పైకి పొడుచుకొచ్చిన స్పోకు మొనల్ని అరగదీయకపోతే అవి ట్యూబుని పొడిచేస్తాయట. ఆ సంగతి వీడియో చివర్లో ఉంది. అంతదాకా నేను చూడలేదు.

"అక్కడ అందరూ కూసునుంటార్రా" అన్నారు పెదనాన్న. తిట్టినా బాగుండేది.

అంతలో వెనకనుంచి ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో ప్లాస్టిక్ కుర్చీ మీద తెల్లచీరలో పెళ్లికూతురు, చుట్టూ బంధువులు, బియ్యం బస్తాలు. "అయ్యగారూ, మీరింకా ఇక్కడే ఉన్నారేటండి? బేగెక్కండి" అంది పెళ్లికూతురి తల్లి. మాతోపాటు బండినీ పైకెత్తి సెంటర్ స్టాండు వేసి, కదలకుండా వెనక సీటు మీద ఒక బస్తా కట్టారు. దాంతో ముందు చక్రం గాల్లోకి లేచి, కుదుపు కుదుపుకీ తనంతట తానే తిరుగుతూ దండాలు మొదలుపెట్టింది.

ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయిన పెళ్లికూతురు కాసేపు దాన్నే చూసింది. "ఎవలు బాగుసేసినారండి ఇది?" అని అడిగింది.

"మావోడే. డిప్లొమా సదివాడమ్మా" అన్నారు పెదనాన్న.

ఆ పిల్ల ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టి, చర్చి కనబడేదాకా ఆపలేదు. తల్లి నా వైపు వంగి, "రేత్రినుంచీ దీని కన్నీళ్లు ఆగనేదు బాబూ. నీ సక్రమే ఆపింది" అంది. ఆ రోజు నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

పెళ్లి ప్రసంగంలో పెదనాన్న, "కాపరంలో ఒకలు మరీ బిగుసుకుపోయి, ఇంకొకలు మరీ వదిలేత్తే ఎలాగుంటాదో, ఆ ట్రాక్టరు దగ్గరికెల్లి మావోడు అల్లిన సక్రం సూడండి" అన్నారు. చర్చి చర్చంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను పైకప్పు రేకుల్ని శ్రద్ధగా పరిశీలించాను.

ఇప్పుడు నేను నక్కపల్లి దగ్గర ఒక కంపెనీలో యంత్రాల మరమ్మతులు చూస్తున్నాను. ఏది విప్పాలన్నా ముందు పుస్తకం చదివి, నలుగుర్ని అడిగి, అప్పటికీ చెయ్యి వెనక్కే లాక్కుంటాను. ఏమీ తెలియకుండానే పుల్లలన్నీ ఒక్క ఊపున పీకేసిన ఆ కుర్రాడు నాలోంచి ఎప్పుడు దిగిపోయాడో చూసుకోలేదు. ఎక్కడైనా ఎదురైతే వాడికి బుద్ధి చెప్పాలనే అనుకుంటాను. కాని పక్కన కూర్చుని, "రిమ్ము నేను పట్టుకుంటాను, నువ్వు కానీ" అంటానేమో.