అవ్వ సంవత్సరీకానికి వెళ్లి ఇంటిపేరు పోగొట్టుకొచ్చిన వైనం

మా అవ్వ పోయి ఏడాది కావస్తోందని నాకు గుర్తు చేసింది మా మేనత్త ఓదమ్మ. ఫోన్ చేసి, "ఏం రా, అవ్వ యాడాది యాదికున్నదా, పట్నంల గది గూడ మిషిన్ చెప్తేనే తెలుస్తదా?" అని అడిగింది. నిజానికి ఆమె గొంతుకు ఫోన్ అక్కరలేదు. ఎర్రగుంటపల్లిలో గడపమీద నిలబడి పిలిస్తే హైదరాబాదులో మూడో అంతస్తులో ఉన్న నేను స్నానం ఆపి పలుకుతాను.

యాదికున్నదని నిరూపించుకోవడానికి ఒక ఘనకార్యం చేశాను. కరీంనగర్‌లో రాళ్లు చెక్కే ఆయనకు నల్ల గ్రానైట్ ఫలకం పురమాయించాను. పేర్లు తప్పు లేకుండా పంపమన్నాడు. నేను ముప్పై ఏళ్లుగా గుమాస్తాను, ఆదివారాలు పత్రికలకు ప్రయాణ కబుర్లు రాస్తాను. కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మే జాతి మాది. అందుకని అవ్వ పింఛను కార్డు ఫొటో తీసి పంపాను. తాత పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఆయన పేరుకు ముందు 'కీర్తిశేషులు' చేర్చమని నా తెలివి కొద్దీ ఒక మాట కలిపాను. రాయిని గోనెసంచుల్లో చుట్టి ట్రాలీ ఆటోలో ఊరికి పంపించి, నేను వచ్చేదాకా విప్పొద్దని అత్తకు ఆజ్ఞ జారీ చేశాను. మా బాపుకు, అంటే నాన్నకు కూడా చెప్పలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, రిటైరైన గని కార్మికుడు, తల్లి సమాధి మీద రాయి చూసి చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోవాలని నా కోరిక. ఆ కోరిక తీరింది. అవసరమైన దానికన్నా ఎక్కువే తీరింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు సికింద్రాబాదులో రైలెక్కాం. బాపు, నేను, నా భార్య పద్మ. టిక్కెట్లు ముందే తీసుకుంటే మంచిది. మేం తీసుకున్నాం, అయినా మా సీట్లలో మరో ముగ్గురు కూర్చునే ఉన్నారు. కాజీపేట దగ్గర ఒకావిడ ఎక్కి, మామిడికాయల బస్తాను తిన్నగా నా కుడికాలి మీద దించింది. "కాలు జర కదపకు తమ్మీ, కాయలు నలుగుతయ్" అంది. జమ్మికుంటలో ఆమె దిగేదాకా నేను కదల్లేదు. ఆ తర్వాత పెద్దపల్లి దాకా కదలాలన్నా కాలు వినలేదు.

రామగుండంలో దిగేసరికి ఆరున్నర. సూర్యుడు వెళ్లిపోయాడు గానీ వేడిని ప్లాట్‌ఫారం మీద మరిచిపోయాడు. ఆ సిమెంటు బెంచీ మీద పిండి పరిస్తే సర్వపిండి కాలుతుంది. అక్కణ్నుంచి గోదావరిఖనికి షేర్ ఆటో, మనిషికి ముప్పై. ముగ్గురి బండిలో పదకొండు మందిమి. డ్రైవరు తన సీటులో పావు వంతు మీద, మిగతా ఒళ్లు తెలంగాణ గాలిలో పెట్టుకుని నడిపాడు. బస్టాండు దగ్గర లాడ్జి, గదికి తొమ్మిది వందలు. ఏసీ ఉంది. చల్లదనం రాదు గానీ బొగ్గు లారీ గేరు మార్చిన చప్పుడు మాత్రం తప్పకుండా వస్తుంది.

మరునాడు ఉదయం ఎనిమిదింటికి ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. ఎర్రగుంటపల్లికి పద్నాలుగు కిలోమీటర్లు, నాలుగు వందల యాభై. దారిలో ఓపెన్‌కాస్ట్ గని పక్కగా వెళ్తుంటే నా నోరు తెరుచుకుంది, దుమ్ము పడేదాకా మూసుకోలేదు. చిన్నప్పుడు నేను సైకిలు తొక్కిన నేల పాతాళంలో ఉంది. అడుగున తిరిగే డంపర్లు చీమల్లా ఉన్నాయి. ఆ చీమ టైరు ఒకటి మా ఆటోకన్నా ఎత్తు.

"గీడ గుట్టలు లేకుండె గదా?" అన్నాను.

"మా చెలక గుట్టయింది సార్, పక్కోని గుట్ట గుంతయింది. దేవుడు గూడ అడ్రసు అడిగి రావాలె" అన్నాడు డ్రైవరు. బాపు 'ఊఁ' అన్నాడు. ఆయన మాటలను రేషన్ బియ్యంలా కొలిచి వాడతాడు.

ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర. అత్త ఇంటి ముందు టెంటు, రెండు పెద్ద వంట డేగిశాలు, నలభై మంది చుట్టాలు. అందులో మా తాతకు ప్రాణ స్నేహితుడైన ముసలాయన ఒకరు. తొంభై అయిదుకు అటో ఇటో ఉంటాడు. ఆ ప్రాంతంలో స్నేహాన్ని సోపతి అంటారు కాబట్టి పుట్టినప్పటి నుంచీ మాకు ఆయన 'సోపతి తాత'. అసలు పేరు ఏమిటని నేను ఎన్నడూ అడగలేదు. పక్కనే ఆయన భార్య లచ్చవ్వ, రూపాయి బిళ్లంత బొట్టుతో. గోదావరిఖని నుంచి గని కంపెనీ ఆఫీసులో పనిచేసే క్లర్కు ఒకాయన కూడా వచ్చాడు, అత్త ఆడబిడ్డ కొడుకు.

పన్నెండింటికి అందరం అత్త ఇంటి వెనకే చేనులో ఉన్న అవ్వ సమాధి దగ్గరికి వెళ్లాం. ఆకుల్లో మటన్, చేపల పులుసు, గారెలు, ఒక సీసా కల్లు, ఆమెకు ప్రాణమైన చుట్ట పెట్టాం. పోయినవాళ్లకు మనసులో ఏదన్నా కొరత ఉంటే కాకి ముట్టదని అక్కడి నమ్మకం. కొందరి ఇళ్లలో సాయంత్రం దాకా కాకిని బతిమాలుకుంటారు. మాకు ఒక నిమిషం పట్టలేదు. ఒక కాకి వచ్చి గారె ఎత్తుకుపోయింది, రెండోది మటన్ ముక్క.

"అవ్వకు ఏ ఫికరు లేదు" అంది అత్త కళ్లొత్తుకుంటూ. నిజమే, పోయినామెకు లేదు. మిగిలిందంతా బతికున్నవాళ్లదే.

కాకి ముట్టాక అక్కడే ఆకులేసి అందరికీ వడ్డించారు. ఇదే అదనని నేను ముందుకు వచ్చాను. సమాధి దగ్గర నిలబెట్టి ఉంచిన రాయి మీది గోనెసంచులు కోశాను. నాలుగడుగుల నల్లరాయి, అద్దంలా మెరుస్తోంది. జనం 'అబ్బో' అన్నారు. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని గొంతు సవరించుకుని, పంద్రాగస్టు ఉపన్యాసం లెక్కన చదివాను: "కీర్తిశేషులు గుర్రాల కనకయ్య గారి ధర్మపత్ని, కీర్తిశేషురాలు రాజవ్వ."

చప్పట్లు కొడతారనుకున్నాను. 

ముందు లేచింది లచ్చవ్వ. "ఎవడ్రా సచ్చింది?" అంది.

"మా తాత, అవ్వా."

"మీ తాత పేరు కనకయ్యనా? కనకయ్య గీడ కూసొని బొక్క చీకుతుండు, కనవడ్తలేదా?" అని సోపతి తాత భుజం పట్టి ఊపింది. ఆయన చేతిలో మూలగ ఉన్న మటన్ ఎముక, నోట్లో మిగిలిన మూడు పళ్లు, ముఖంలో పరమానందం. "సావనోన్ని సంపితివి! సంపి, రాజవ్వకిచ్చి పెండ్లి జేస్తివి! డెబ్బై ఏండ్ల సంది నా మెడల ఉన్న పుస్తె ఎవనిదిరా మరి?"

నాకు కాళ్ల కింద ఓపెన్‌కాస్ట్ గని తెరుచుకున్నట్టయింది. పద్మ నా వైపు చూసింది. పెళ్లినాటి నుంచి ఆమె కూడా ఇంటిపేరు గుర్రాల అనే రాసుకుంటోంది.

అత్త నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ తెలివి కాలిపోను! ఎవల్నడిగి చెక్కిచ్చినవ్రా?"

"పింఛను కార్డు చూసి..."

"కార్డుల గంతే ఉంటది! కార్డు వేరు, మనిషి వేరు!"

సోపతి తాత బొక్క పక్కన పెట్టి, తాపీగా చేయి తుడుచుకుని నన్ను పిలిచాడు. "ఇటు రా బిడ్డా, నీకెవ్వలు చెప్పలేనట్టున్నది. బాయిల పనికి కాయితం నాకొచ్చింది. ఒక్క దినం దిగిన. లోపల నా దీపం ఆరింది. గది చీకటి గాదు బిడ్డా, కండ్లు మూసినా తెరిసినా ఒక్కటే. పైకొచ్చినంక ఊరు దాక ఉరికొచ్చిన, మంచం కింద సొచ్చిన. మీ తాత మల్లిగాడు వచ్చి 'ఏందిరా' అంటె, 'నేను పోను, నువ్వు పోతవా' అన్న. 'పోత' అన్నడు. తెల్లారి నా కాయితం పట్టుకొని పోయిండు. గంతే. నా పేరు ముప్పై ఆరేండ్లు బాయిల దిగింది, నేను దిగింది ఒక్క దినమే."

గని వాళ్లు బాయి అనేది బొగ్గుబావినే. ఆ రోజుల్లో ఒకరి కాగితం మీద మరొకరు పనిలో చేరడం అక్కడ ఎందరో చేసిన పనేనట. ఊళ్లో అందరూ తాతను 'మల్లన్నా' అని పిలుస్తుంటే అది ముద్దుపేరనుకున్నాను. ఊరంతటికీ తెలుసు, గని కార్మికుల కాలనీలో సగం మందికి తెలుసు, బహుశా ఆ కాకులకూ తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

"బాపూ, మరి మన ఇంటిపేరు?"

బాపు బదులు అత్త చెప్పింది. "మేకల."

ఉదయం గుర్రాల వాణ్నిగా ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి మేకల వాణ్నయ్యాను. యాభై రెండేళ్ల వయసులో నా జీవాలు ఒక్కసారిగా ఇంత చిన్నవైపోతాయని ఊహించలేదు.

నవ్వు వచ్చేలోపే లచ్చవ్వ మళ్లీ లేచింది. "గీ రాయి గీడ నిలవడొద్దు. పలగ్గొట్టుండ్రి." ముత్తైదువ ముందు బతికున్న భర్తను చచ్చాడని చదివి వినిపించిన పాపం నాది. ఆమె కోపంలో తప్పేమీ లేదు. అత్త ఏడుపు మొదలుపెట్టింది. "మరి మా అవ్వకు రాయి లేదా? ఒగని పెండ్లామని రాసినా తప్పే, రాయకున్నా తప్పేనా? అన్నా, నువ్వు నోరిప్పు. నాయిన పేరు కొడుకు నోట్లకెళ్లి రావాలె."

బాపు లేవలేదు. ఆయన చూపు చేపల పులుసు తింటున్న కంపెనీ క్లర్కు మీద ఉంది.  బొగ్గు పెళ్లలు పక్కన పడ్డా బెదరని మనిషి అని విన్నాను. అలాంటి మనిషి ఇస్తరాకు ముందు కూర్చున్న ఒక క్లర్కుకు భయపడుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు బాపూ?" అన్నాను మెల్లగా.

"చిన్నప్పుడు నీకు నోరు ఆగకపోవు. బడిల చెప్తె తాత డ్యూటీ పోతదనుకున్న. తర్వాత తాత జాగల నాకు డ్యూటీ వచ్చె, గది పోతదని భయం. ఇప్పుడు పింఛను. గట్లనే గడిచిపాయె." ఇస్తరాకు అంచు మడుస్తూ, "మీ తాత సచ్చిపోయేటప్పుడు 'ఒక్కసారి నన్ను నా పేరు పెట్టి పిలువురా' అన్నడు. దవాఖానల పక్క మంచం మీద మా సూపర్‌వైజరు ఉండె. పిలువలే" అన్నాడు.

నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. 

క్లర్కు చేయి నాకుతూ తలెత్తాడు. "మామా, నా దిక్కు సూడకు. నేను పులుసు తప్ప ఏం సూడలే, ఏం వినలే" అన్నాడు. మళ్లీ ఆకు మీదికి వంగాడు.

బాపు లేచాడు. "రాయి తిప్పుండ్రి" అన్నాడు. ఎనిమిది మంది పట్టి తిప్పారు. వెనక వైపు నునుపు చేయని గరుకు రాయి. సుద్దముక్క అడిగాడు. గనిలో బొగ్గు నింపిన టబ్బు, అంటే పట్టాల మీద నడిచే తొట్టి, ఎవరిదో తెలియడానికి, నింపినవాళ్లు దాని ఇనుప రేకు మీద సుద్దతో గుర్తు వేసేవాళ్లు. బాపు డ్యూటీలో ఉన్నన్నాళ్లూ వేశాడు. అదే వాటంగా, నిలబడి, చేయి ఎత్తి, అరచేయంత అక్షరాలు రాశాడు: 'మేకల మల్లయ్య పెండ్లాం రాజవ్వ'. రాసి, బయటికి చదివాడు. ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదలు. "నాయినా మల్లయ్యా" అని ఒకసారి పిలిచాడు. ఎవరికీ వినపడకూడదన్నట్టు కాదు, పక్క వీధి దాకా వినపడాలన్నట్టు.

సుద్ద వానకు పోతుంది కదా అంటే, మర్నాడే పెయింటరును పిలిచి దాని మీదే రంగు వేయిస్తానని అత్త పూచీ పడింది. చెక్కిన వైపు అక్షరాల్లో సిమెంటు నింపాలని లచ్చవ్వ తీర్పు. సోపతి తాత ఒక్కడే అభ్యంతరం చెప్పాడు: "నా పేరు కాడ మాత్రం నింపకుండ్రి. మంచిగ చెక్కిండు. ఎట్లన్న నాకు పనికొచ్చేదే గదా!" లచ్చవ్వ కొంగుతో ఆయన మూతి మీద ఒక్కటి వేసింది. సరిగ్గా అప్పుడే గనిలో బ్లాస్టింగ్ అయి ఊరంతా అదిరింది. డేగిశా మూతలు ఎగిరాయి. ఎగిరి పడ్డది నేనొక్కణ్నే. మిగతావాళ్లు రెండో విడత అన్నం పెట్టించుకున్నారు.

మూడున్నరకు ఊళ్లో బయలుదేరి, ఐదుంబావుకు రామగుండంలో రైలెక్కాం. ఎదురు సీటులో ఒక పెద్దాయన బాపు ముంజేతిని తేరిపార చూశాడు. బొగ్గు దెబ్బ మానినా నీలి మచ్చ మిగులుతుంది. గని మనుషులు ఒకరినొకరు దాన్ని బట్టే పట్టేస్తారు.

"బాయిల చేసినవా అన్నా? ఎవల కొడుకువు?"

బాపు గొంతు సవరించుకున్నాడు. "మేకల మల్లయ్య కొడుకును."

"గా పేరు వినలేదే."

"కంపెనీల గుర్రాల కనకయ్య."

"ఓ... కనకన్న కొడుకువా!" పెద్దాయన పకపకా నవ్వి, ముందుకు వంగాడు. "నేను గూడ గంతే అన్నా. కంపెనీల సత్తయ్యను, ఇంటికాడ ఓదెలును." ఇద్దరూ చేతులు పట్టుకుని పెద్దపల్లి దాకా నవ్వారు. ఆ బోగీలో ఎవరు ఎవరో నాకు అప్పటి నుంచీ అనుమానమే. టిక్కెట్టు కలెక్టరు నా పేరు అడిగితే చెప్పడానికి కాస్త ఆలోచించాల్సి వచ్చింది.

ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పేదేమిటంటే, ఇడ్లీ బావుంటుంది, ఆటోవాళ్లు మంచివాళ్లు, వేడికి సిద్ధపడి వెళ్లండి. మనుషుల్ని కాగితంలో వెతక్కండి. మూడు నాలుగు తరాలు భూమి కింద దిగిన ఈ నేలలో పేర్లు కూడా ఆ కిందే ఉండిపోయాయి.

కాజీపేట దాటాక బాపు నన్ను తట్టాడు. "ఇదంత రాస్తవా?"

"వద్దంటే రాయను బాపూ."



"రాయి. అందరి పేర్లు మార్చు. నాది మార్చు, నీది మార్చు, ఊరిది మార్చు." కిటికీ వైపు తిరిగాడు. "మీ తాతది మాత్రం మార్చకు."

మార్చలేదు.