ఆఖరి బెంచీ దాకా కనబడాలె: మా సలోమి అత్త

నిన్న పొద్దున ఆఫీసులో మీటింగ్ కోసం ప్రొజెక్టర్‌కి కేబుల్ పెడుతున్నాను. మా బావ వినయ్ ఫోన్ చేశాడు.

"అమ్మ పోయింది" అన్నాడు. అంతే.

చేతిలో కేబుల్ అలాగే ఉంది. ఎవరో వచ్చి తీసుకున్నారు. యాప్రాల్‌లో అత్త ఇంటికి ఎలా చేరానో గుర్తు లేదు.

టీ తాగి, ఆదివారం పాటల స్లైడ్లు చేద్దామని కూర్చుందట. ఆ కుర్చీలోనే గుండె ఆగిపోయింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

సలోమి అత్త మా నాన్నకు అక్క. సైన్స్ టీచర్‌గా రిటైర్ అయింది. బోయిన్‌పల్లిలో మా చర్చికి వచ్చేవాళ్లందరికీ మాత్రం "స్లైడ్ల ఆంటీ".

ప్లాస్టిక్ షీట్ల మీద స్కెచ్ పెన్నుతో పాటలు రాసి ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసిన రోజుల నుంచి మొన్న ఆదివారం దాకా ఆ పని ఆమెదే. మోండా మార్కెట్‌కి కరివేపాకు కోసం వెళ్లినా హ్యాండ్‌బ్యాగ్‌లో స్లైడ్లు మార్చే క్లిక్కర్‌కి స్పేర్ సెల్స్ ఉండేవి.

స్లైడ్‌కి నాలుగే లైన్లు. పాడేవాళ్ల నోట్లో ఆఖరి మాట ఉండగానే తర్వాతి స్లైడ్ రావాలి. వెనకాల పూలు, జలపాతాలు ఎవరైనా పెడితే నిర్దాక్షిణ్యంగా పీకేసేది.

ఆమె తప్పు చేయలేదని కాదు. ఒకసారి పెళ్లిలో, ఎవరైనా పోయినప్పుడు పాడే సమాధి పాటల ఫైల్ ఓపెన్ చేసింది.

మనవాళ్లకు తెర మీద ఏది పడితే అది పాడేయడం అలవాటు కదా. పెళ్లికొడుకుతో సహా అందరూ రెండు లైన్లు పాడేశారు. మూడో లైనుకు పాస్టరమ్మ ఉలిక్కిపడి తలెత్తింది.

అప్పటి నుంచి ప్రతి ఫైల్ మొదటి స్లైడ్ మీద ఎవరిది, దేనికి అని పెద్ద అక్షరాలతో రాసేది. జనం రాకముందే వచ్చి తెర మీద ఒకసారి వేసి చూసుకునేది. ఈ కథ తనే చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేది.

ఇక నా సంగతి.

నేను సరుకు రవాణా కంపెనీలో పనిచేస్తాను. రెండేళ్ల కింద మొదటి ప్రెజెంటేషన్ ఇచ్చాను. ముప్పై ఎనిమిది స్లైడ్లు. జనానికి వీపు చూపించి అక్షరం పొల్లుపోకుండా చదివాను.

సగంలోనే సార్ ఆపేశారు. వచ్చే నెల ఇంకొక్క ఛాన్స్, అది కూడా ఇలాగే ఉంటే ప్రాజెక్ట్ వేరేవాళ్లకు ఇస్తామన్నారు. ఏడాది పాటు నేను ఒక్కదాన్నే కష్టపడ్డ ప్రాజెక్ట్ అది.

ఏడుస్తూ అత్త దగ్గరికి పోయాను. ఓదార్చలేదు. శనివారం మధ్యాహ్నం ఖాళీ చర్చిలో నా స్లైడ్లు తెర మీద వేసింది. చర్చి ఊడ్చే రత్నమ్మ అవ్వను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి, ఆమెకు తెలుగులో చెప్పమంది.

ఇరవై నిమిషాలు చెప్పాను. పిల్ల ఏం చెప్పిందని అత్త అవ్వనే అడిగింది.

"లారీలు లేటొస్తున్నయంట. ఎందుకో మాత్రం చెప్పలే" అంది అవ్వ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకో నేను రాశాను. ఇరవై తొమ్మిదో స్లైడ్‌లో, చీమ తలకాయంత అక్షరాలతో.

"ఆఖరి బెంచీకి తెల్వకపోతే నువ్వు చెప్పనట్టే లెక్క" అంది అత్త.

నాలుగు శనివారాలు అదే పని. ముప్పై ఎనిమిది స్లైడ్లు తొమ్మిదయ్యాయి. స్లైడ్ కింద, లాప్‌టాప్‌లో నాకు మాత్రమే కనబడే నోట్స్‌లో వాక్యాలు తీసేసి ఒక్కో మాట ఉంచింది, నేను చూసి చదవకుండా. ఇంకో కిటుకు కూడా నేర్పింది. స్లైడ్ షో నడుస్తుండగా కీబోర్డ్ మీద బి నొక్కితే తెర నల్లగా అవుతుంది.

"తెర ఆర్పేస్తే జనం మనిషిని చూస్తరు. అసలు మాట అప్పుడు చెప్పు."

నాలుగో శనివారం అంతా విన్నాక రత్నమ్మ అవ్వ తనే, గేటు కాడ కాయితాలు రాసేటోడు ఒక్కడే ఉన్నడు కదా, ఇంకొకర్ని పెట్టరాదా అని అడిగింది. అత్త ముఖం వెలిగిపోయింది.

ఆఫీసులో ఆ రోజు బి నొక్కి, జనం వైపు తిరిగి, అవ్వ మాటే చెప్పాను. ప్రాజెక్ట్ నాకే ఉంది. గేటు దగ్గర ఇప్పుడు ఇద్దరున్నారు. కొత్తగా చేరినవాళ్లను స్లైడ్లు నేర్చుకోమని సార్ నా దగ్గరికే పంపుతారు. ఇదంతా మా అత్త నేర్పిందేనని ప్రతి ఒక్కరికీ గర్వంగా చెప్తాను.

ఈరోజు మధ్యాహ్నం అత్త సమాధి ఆరాధన. వినయ్ బావ క్లిక్కర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్లమ్మ పాటల్లో తప్పు జరిగితే ఆ బాధ ఆయనకు జీవితాంతం ఉంటుంది.

అత్త లాప్‌టాప్ తెరిస్తే ఫైల్ రెడీగా ఉంది. మొదటి స్లైడ్ మీద పెద్ద అక్షరాలు: "సలోమి. సమాధి ఆరాధన. ఏం మార్చొద్దు."

జనం రాకముందే తెర మీద వేసి చూసుకున్నాను. తర్వాత ఒక్క లైను కూడా ఆలస్యం కానివ్వలేదు. ఆఖరి బెంచీలో రత్నమ్మ అవ్వ కళ్లజోడు లేకుండానే పాడింది.

చివరి స్లైడ్ అత్త ఫోటో. అందరూ దాన్నే చూస్తూ ఏడుస్తున్నారు. ముందు వరుసలో బావ ఒక్కడే తల దించుకుని కూర్చున్నాడు.

కింద నోట్స్‌లో, ఎప్పుడూ ఒక్క మాటే రాసే అత్త, రెండు లైన్లు రాసింది.

"బి నొక్కు.
నన్ను చూసింది చాలు, వినయ్‌ను చూడాలె."

నొక్కాను. తెర నల్లగా అయింది.

జనం బావ వైపు తిరిగారు. అందరికంటే ముందు, ఆఖరి బెంచీ నుంచి రత్నమ్మ అవ్వ లేచి ఆయన దగ్గరికి నడిచింది.

వెళ్లిరా అత్తా. ప్రభువు దగ్గర హాయిగా కూర్చో. ఈ ఆదివారం స్లైడ్లు నేను వేస్తా.