గడప దాటని ప్రసాదం

చికాగో పక్క షామ్‌బర్గ్‌లో నేనుండే మా అమ్మాయి నళిని అపార్ట్‌మెంట్‌కి ఎదురు తలుపు డెస్పీనాది. గ్రీకు మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. లాండ్రీ షాపులో ప్యాంట్లు కురచ చేసి కుట్టేది. నేను చదివింది రెండో తరగతే గానీ, ఏ ఇంట్లో దీపం వెలుగుతుందో మనిషిని చూసి చెప్పగలను. తలుపు తెరిచి ఉన్నప్పుడల్లా ఆమె పొయ్యి పక్కన మట్టి ప్రమిద కనబడేది. తినేముందు మొదటి ముద్ద దానికే.

"ఈవిడ చర్చికి పోదా?" అని నళినిని అడిగాను.

"చర్చి రాకముందు వాళ్ళకి వేరే దేవుళ్ళు ఉండేవాళ్ళట అమ్మా. ఆవిడ వాళ్ళనే కొలుస్తుంది. అందుకే చుట్టాలెవరూ మాట్లాడరు. ప్లీజ్, నువ్వెళ్ళి ఆరాలు తియ్యకు."

తియ్యకుండా ఎలా ఉంటాను? పంతొమ్మిది వందల ఎనభై రెండు చలికాలంలో పులిహోర పట్టుకెళ్ళాను. ప్రమిద ముందు తేనె రొట్టె ఉంది. నైవేద్యం కనబడితే ఊరుకుంటామా? ఓ ముక్క తుంచి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. ఆమె మొహం పాలిపోయింది. నళిని పరుగెత్తుకొచ్చింది. అది పొయ్యి దేవతదట. ఇంటివాళ్ళే తినాలట, గడప దాటకూడదట.

"మా ఊళ్ళో నా చేతి ప్రసాదానికి లైన్ కట్టేవాళ్ళని చెప్పవే!"

నళిని చెప్పలేదు. డెస్పీనాయే నా చెయ్యి పట్టుకుని ఏదో అంది.

"తిన్నావు కాబట్టి నువ్వూ ఇంటిదానివేనట," అంది నళిని.

ఆనాటినుంచి సాయంత్రాలు అక్కడే. ఆమె రొట్టె రెండు ముక్కలు కోసేది. కానీ ఆమె కోరిక నాతో తీరేది కాదు. తన దేవత స్తోత్రంలో గొంతు కలిపే మనిషి ఒక్కరైనా కావాలి. నేను తినగలను, పాడలేను. పత్రికలో ప్రకటన వేసింది. ఫోన్లు చేసింది. కొందరు దయ్యాల పూజన్నారు, కొందరు నవ్వారు. చివరికి పాత పత్రికలో, పక్క రాష్ట్రం మిల్వాకీలో ఆ దేవుళ్ళనే కొలిచే ఒక గుంపు అడ్రసు దొరికింది. నేను నళినిని సాధించి సాధించి ఓ ఆదివారం డ్రైవ్ చేయించాను.

గడ్డమాయన తలుపు తీసి మొహమాటపడ్డాడు. "అందరూ చెదిరిపోయారండీ. నాకూ టైమ్ లేదు," అన్నాడని నళిని చెప్పింది. గ్యారేజీ చూపించాడు. గడ్డి కోసే మిషన్ పక్కన ప్లాస్టర్ దేవుడు, నెత్తిన పెయింట్ డబ్బా. కావాలంటే తీసుకెళ్ళమన్నాడు.

డెస్పీనా డబ్బా దించి కింద పెట్టింది. స్తోత్రం అందుకుని, ఆయన వైపు చూసింది. ఆయన వాచీ చూసుకున్నాడు. ఆమె సగంలో ఆపేసింది.

"ఆ దేవుణ్ణి తెచ్చుకోవలసింది," అన్నాను కార్లో.

"'ఎవరి కోసం?' అంటోందమ్మా," అంది నళిని.

మళ్ళీ ఆమె ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

మరుసటి ఏడు అల్లుడు ఉదయ్‌కి ఎక్కడో దూరాన అరిజోనాలో, చాండ్లర్‌లో ఉద్యోగమొచ్చింది. మా సామాను ట్రక్కుకెక్కాక ఎదురింటికి వెళ్ళాను. రొట్టె సిద్ధంగా ఉంది. చెయ్యి చాపాను. డెస్పీనా తల అడ్డంగా ఊపి, నన్నూ గడపనీ చూపించింది.

"ఇంటిదాన్నన్నావు కదే!" అన్నాను తెలుగులోనే.

ఆమెకి అర్థమైంది. అయినా పెట్టలేదు. వెళ్ళిపోయేదాని కడుపులోనైనా సరే, అది గడప దాటడమే కదా. నేనైనా అంతే చేసేదాన్ని. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కత్తి అలవాటుగా రెండు ముక్కలే కోసింది. ఆమె నా ముందు నిలబడి ఒకటి తింది. రెండోదాన్ని కాసేపు చూసి, అదీ తనే తినేసింది.