మూడో నంబరు బిందె

నాకు గట్టిగా మాట్లాడటం రాదు. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన వారంలోనే మా బడి హెడ్‌మిస్ట్రెస్‌కు తెలిసిపోయింది. మరాఠీవాళ్ల ఊళ్లో ఉన్న మా తెలుగు బడిలో పిల్లలు టీచర్లను వాళ్లలాగే బాయి అంటారు. ఆవిడ పెద్దబాయి, నేను మూడో తరగతి బాయిని. ఒకరోజు ఆవిడ నా తరగతి గుమ్మంలో కాసేపు నిలబడి విన్నారు. నా గొంతు రెండో బెంచీ దాటడం లేదన్నారు. మర్నాడు ఒక పొడుగు నోట్‌బుక్ తెచ్చి ఇచ్చారు. అరవలేనివాళ్లు రాసుకోవాలట. చిన్న తప్పులు నీలం సిరాతో, పెద్ద తప్పులు ఎర్ర సిరాతో. ఒకరి పేరు మీద మూడు ఎర్ర ఎంట్రీలు పడితే తల్లిదండ్రులను పిలిపించాలి.

రాయడం నాకు కష్టమైన పని కాదు. పదో తరగతి నుంచీ డైరీ రాస్తున్నాను. ఎవడు ఎవడి రబ్బరు కొరికాడో, ఎవరు బెంచీ కింద దూరి ఎవరి జడలు ముడివేశారో, అన్నీ రాశాను. పిల్లలు ఆ పుస్తకానికి పెద్దగా భయపడలేదు. తమ గురించి ఏం రాశానో చదివి వినిపించమని అడిగేవాళ్లు. వారమంతా తన పేరు రాలేదని ఒకమ్మాయి అలిగింది కూడా. అయినా నేను పెన్ను మూత తీస్తే గోల కొంచెం తగ్గేది. నాకు అది చాలనిపించేది.

ఎర్ర సిరా ఎక్కువగా ఖర్చయింది కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల మీద. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు. అమ్మానాన్నలిద్దరూ బిల్డింగు పనులకు పోతారు. మిగతా వేళల్లో ఆ పిల్ల బుద్ధిగానే ఉండేది, లెక్కలు అందరికంటే ముందు చేసేది. మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి మాత్రం బెంచీ ఎక్కి, కిటికీ ఊచలు పట్టుకుని, బయటికి గొంతు చించుకుని అరిచేది. మా కిటికీకి ఎదురుగా, సన్నటి గల్లీకి అవతల, గదికో కుటుంబం ఉండే ఒక పాత చాల్, దాని వెనక పొడుగు వసారా లాంటి గాలరీ ఉన్నాయి. ఆ గాలరీలో ఉన్న ఎవరితోనో పోట్లాడుతోందని అర్థమైంది. ఎందుకని నేను అడగలేదు. నోట్‌బుక్‌లో "పాఠం మధ్యలో కిటికీలోంచి కేకలు" అని రాశాను. వారంలో మూడుసార్లు రాశాను.

మూడు ఎర్రవి పడ్డాయి కాబట్టి వాళ్లమ్మను పిలిపించాలి. పిలిపిస్తే ఆమెతో మాట్లాడాలి. అందుకని పిలిపించలేదు. పిల్లను తలుపు పక్క బెంచీలోకి మార్చి కిటికీ మూసేశాను. ఆ పూట మూడున్నరకు ఆ పిల్ల లేచి నిలబడింది, మూసిన కిటికీ వైపు చూసింది, కూర్చుంది. ఏడవలేదు. మర్నాడూ అంతే. సమస్య తీరిందని డైరీలో రాసుకున్నాను.

మూడో రోజు బడి మొదలయ్యే వేళకు వాళ్లమ్మ తనంతట తానే వచ్చింది. కాళ్లకు ఆరిన సిమెంటు మరకలు ఉన్నాయి. ఆ రోజు పని వదులుకుని వచ్చినట్టుంది.

"బాయి, మా పిల్ల ఒర్రుతుందని కిటికీ మూసిన్రంట. రెండు దినాలాయె, ఇంట్ల సుక్క నీళ్లు లెవ్వు. నేను కామ్‌కు పోవాల్నా, నల్లా కాడ కూసోవాల్నా?"

అప్పుడు తెలిసింది. ఆ చాల్‌లో అంతస్తుకు ఒకే నల్లా. మూడున్నరకు వస్తుంది, ముప్పావు గంట ఉంటుంది. బిందెలు పొద్దున్నే వరసలో పెట్టి పోతారు. నీళ్లు వచ్చాక ఒక్కో బిందె వంతు రాగానే నల్లా దగ్గరున్న ఆడవాళ్లు ఎవరిదని అడుగుతారు. ఆ ఇంటివాళ్లు గొంతెత్తి జవాబు చెప్పాలి. జవాబు రాని బిందె వెనక్కి పోతుంది. నీళ్లు పట్టి గదిలో పెట్టడానికి పక్కగది అవ్వ ఉంది కానీ, నంబరు కోసం పోట్లాడే ఓపిక ఆమెకు లేదు. అందుకని పిల్ల బడి కిటికీలోంచి జవాబు చెప్పేది. గాలరీవాళ్లు దానికి ఒప్పుకున్నారు. గొంతు వినిపిస్తే మనిషి ఉన్నట్టే లెక్క.

ఇదంతా నాకు తెలిసి ఉండాల్సింది. నేను పుట్టింది రెండు గల్లీల అవతలే. నేను ఐదో తరగతిలో ఉండగా మా చాల్ మీద ట్యాంకు కట్టారు. అంతకుముందు మా ఇంటి నంబరు కాయడానికి అక్కను పంపేవాళ్లు. నన్ను పంపితే బిందె ఖాళీగా తిరిగొచ్చేది.

తప్పు నాదేనని ఆమెతో మెల్లగా అన్నాను. ఆమె ముందుకు వంగి వింది.

"మా పిల్ల చెప్తనే ఉంటది, మా బాయి నోట్ల మాట నోట్లనే ఉంటదని," అంది. కోపంగా అనలేదు. తర్వాత అసలు మాట చెప్పింది. "ఇంకొక్క దినం నీళ్లు పోయినయంటే బడి బంద్ చేపిస్త. ఇంట్లనే ఉంటది. నాకు వేరే దారి లేదు."

ఆ పూటే పిల్లను పాత చోట కూర్చోబెట్టి కిటికీ తెరిచాను. తరగతికి ఒక నియమం పెట్టాను. మూడున్నరకు ఒక్క కేకకు అనుమతి. ఆ కేక అవతలికి వినపడాలి కాబట్టి మిగతావాళ్లు నోరు మెదపకూడదు. నేను పెట్టిన నియమాల్లో పిల్లలు తు.చ. తప్పకుండా పాటించింది ఇదొక్కటే. రోజు మొత్తంలో మా తరగతి నిశ్శబ్దంగా ఉండే నిమిషం అదే అయింది. కేక అవగానే ఆ నిశ్శబ్దం చెదరకముందే పాఠ్యపుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టేదాన్ని. అప్పుడు నా గొంతు చివరి బెంచీ దాకా వెళ్లేది. నోట్‌బుక్‌లో దీని గురించి ఏమీ రాయలేదు. పెద్దబాయికీ చెప్పలేదు.

దీపావళి సెలవుల తర్వాత ఒక సోమవారం ఆ పిల్ల జలుబుతో వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తింది. మూడున్నరకు బెంచీ ఎక్కి నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల నల్లా దగ్గర ఎవరిదని అడగడం మా అందరికీ వినిపించింది. పక్కన కూర్చునే అమ్మాయి తనే అరిచింది, "మూడో నంబరు మా దోస్తుది." గాలరీలో ఉన్న లావుపాటి ముసలామె తలెత్తింది.

"నీ బిందె నువ్వు సూసుకో. దోస్తులకు నంబరు లేదు," అంటూ నీలం బిందెను కాలితో పక్కకు జరిపింది.

పిల్ల నా వైపు చూసింది. బెంచీ దిగి పుస్తకాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. అంతకుముందు ఎప్పుడు అరిచానో నాకు గుర్తు లేదు.

"మూడో నంబరు నీలం బిందె మాది."

ముసలామె చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవలే నువ్వు?"

"మూడో తరగతి బాయిని."

"బాయివైతే పాఠం జెప్పు. నల్లా సంగతి మాకిడిసిపెట్టు."

"పిల్లకు గొంతు పోయింది. జవాబు నేను చెప్తున్న. బిందె జాగల పెట్టుండ్రి." నాకు తెలియకుండానే మా ఇంటి మాట వచ్చేసింది.

ఆమె ఇంకా ఏదో గొణిగింది కానీ బిందెను కాలితోనే మళ్లీ వరసలోకి తోసింది. పక్కగది అవ్వ వచ్చి దాన్ని నల్లా కింద పెట్టింది. పిల్ల సంచిలోంచి పుస్తకాలు తీసి బెంచీ మీద పెట్టుకుంది.

వెనక్కి తిరిగేసరికి పెద్దబాయి గుమ్మంలో ఉన్నారు. కింద ఆఫీసు గదిలోంచి మెట్లెక్కి వచ్చారు. ఎవరు అరిచారని తరగతిని అడిగారు. పిల్లలెవరూ చెప్పలేదు, అందరూ నన్నే చూశారు. నేనేనని చెప్పాను. నల్లా, నంబరు, మూసిన కిటికీ, వాళ్లమ్మ అన్న మాట, అన్నీ చెప్పాను. ఆవిడ ముందుకు వంగకుండానే విన్నారు. కిటికీ దగ్గరికి వెళ్లి, బిందె నిండేదాకా చూశారు.

"నోట్‌బుక్‌లో రాశారా?" అన్నారు.

"రాస్తాను."

"ఎర్ర సిరాతో."

నవ్వారో లేదో తెలియదు. నేను నా పేరు కింద "పాఠం మధ్యలో కిటికీలోంచి కేకలు" అని రాసేదాకా నిలబడి, సంతకం చేసి వెళ్లిపోయారు.

మంగళవారం కూడా పిల్లకు గొంతు రాలేదు. బుధవారమూ రాలేదు. నా పేరు మీద మూడు ఎర్రవి పడ్డాయి. మీ అమ్మ ఎప్పుడొస్తది బాయి అని పిల్లలు అడిగారు. గురువారం ఆ పిల్ల హాజరుకు నోటితో పలికింది.