ముందు తానొక్కతే చూసి వచ్చేది

నా చిన్నప్పుడు ఆడమనిషి ఒంటరిగా సినిమాకు వెళితే మా ఊళ్లో చులకనగా చూసేవారు. మాది వజ్రపుకొత్తూరు వైపు, కొబ్బరితోటల మధ్య ఊరు. మా మేనత్త పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. ఆమెకు అందరూ పెట్టిన పేరు సినిమా పిచ్చిది. ఆ పేరు పెట్టినవాళ్ల నోరు పడిపోను, ఎందుకు వెళుతోందని ఒక్కరైనా అడిగారా?

మా నాన్న పోయిన ఏడాది అది. కిడ్నీ జబ్బని అప్పట్లో మావాళ్లకు తెలియదు. కాళ్లు వాచేవి, అన్నం సయించేది కాదు, చూస్తుండగానే మనిషి మంచానికి అతుక్కుపోయాడు. నాన్న పోయాక నేను నవ్వడం మానేశాను. పంపితే బడికి వెళ్లేదాన్ని, పెడితే తినేదాన్ని, అంతే. అమ్మ తన దుఃఖంలో తానుండిపోయింది. నన్ను చూసి భయపడింది అత్త ఒక్కతే. "తమ్ముడెలాగూ పోనాడు. పిల్ల కూడా ఇలగైపోతే ఏటి సేత్తాం?" అని అమ్మ దగ్గర వాపోయేది.

సంత జాగాలో డేరా సినిమా ఆడేది. పిల్లకు నవ్వొచ్చే సినిమా ఏదని అత్త ఎవరిని అడిగినా, బాగుందనేవారే తప్ప అందులో ఏముందో చెప్పేవారు కాదు. అందుకని సినిమా మారినప్పుడల్లా పని నుంచి వచ్చి, ముందు తానొక్కతే నేల టిక్కెట్టు కొనుక్కుని చూసి వచ్చేది. కొట్లాటలుంటే నా దగ్గర ఆ సినిమా ఊసే ఎత్తేది కాదు. పరవాలేదనుకుంటే మర్నాడు నన్ను తీసుకెళ్లేది. మనిషి పోయి ఏడాది తిరగని ఇంట్లో సినిమాలేమిటని అమ్మలక్కలు దుమ్మెత్తిపోశారు. అమ్మ కూడా అత్తతో మాటలు మానేసింది.

ఒకసారి ఒక నవ్వుల సినిమాకు వెళ్లాం. సగం దాకా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నాన్న పోయాక అదే మొదటిసారి. ఉన్నట్టుండి అత్త లేచి, "రాయే కోడలా, శనక్కాయలు కొనుక్కుందాం" అంది. రానని మొండికేశాను. ఇంకొకరైతే అరచేత్తో నా కళ్లు మూసి ఊరుకునేవారు. అత్త చేతులకు పిక్కల నుంచి కారిన జీడి అంటుకుని ఉండేది. అది తగిలితే చర్మం పొక్కిపోతుంది. అందుకే మోచేతులతో నన్ను చుట్టేసి ఎత్తుకుని బయటికి వచ్చేసింది. నా చేతే కాయలు ఒలిపించి, తీరిగ్గా తిననిచ్చి, లోపల మళ్లీ నవ్వులు వినపడ్డాకే తీసుకెళ్లింది.

ఆ సినిమాలో మధ్యలో తండ్రి చచ్చిపోతాడని మర్నాడు బడిలో ఒక పిల్ల చెప్పింది. ఇంటికి వస్తూనే అత్తను నిలదీశాను. ఆమె చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. "ఔనే, సూసినాను. నా తమ్ముడే మళ్లీ పోనట్టు ఏడిసినాను. నానేడిసినాను కదా, సాలదేటి?" అంది.

అత్త పోయిన రోజున కూడా ఎవరో, పాపం సినిమాలంటే పడి చచ్చేది అన్నారు. ఒళ్లు మండిపోయింది. సినిమా చూసిన సుఖం ఆమెకు ఏనాడు దక్కిందని!

ఇప్పుడు నా మనవరాలికి మూడేళ్లు. ముద్ద దిగాలంటే ఎదురుగా ఫోను ఉండాలి. మొన్న నోట్లో అన్నం పెట్టుకుని బిక్కచచ్చిపోయింది. ఏమిటా అని చూద్దును కదా, బుల్లి కుందేలు ఏడుస్తుంటే దాని తల్లిని తోడేలు ఈడ్చుకుపోతోంది. దీన్ని ముందు ఎవరు చూశారర్రా అని అరిచాను. "పిల్లలదనే రాసుందమ్మా" అన్నాడు మా అబ్బాయి. రాసినవాడికి మా పిల్ల ఎవరు? వాడికేం పట్టింది?

అప్పటినుంచి అన్నం వేళకు ముందే కళ్లజోడు పెట్టుకుని, పిల్లకు చూపించేది మొదటినుంచి చివరిదాకా నేనే చూస్తున్నాను. ఎవరో ఒకరు ముందు చూడాలని అత్త నాకు నేర్పింది. నిన్న ఒకటి చక్కగా మొదలై, చివర్లో ఒక తండ్రిని జబ్బుతో మంచం మీద పడుకోబెట్టింది. దాన్ని తీసేసి, బాతుపిల్లలు ఈత నేర్చుకునేది పెట్టాను. మనవరాలు కిలకిలా నవ్వుతూ గిన్నె ఖాళీ చేసింది. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.