ఫుల్లా తుమ్ములు

ఫహ్మీ చనిపోయాక వచ్చే నలభయ్యో రోజు దగ్గరపడుతుండగా అతని కుందేలు ఫుల్లా తుమ్మడం మొదలుపెట్టింది. ఎవరు తుమ్మినా "దేవుడు కరుణించుగాక" అనే వీధి అది. కుందేలుకి మాత్రం ఎవరూ అనలేదు.

ఆ షుబ్రా పేటలో డాబాల మీద పెంచే కుందేళ్లన్నీ చివరికి ములూఖియా ఆకు పులుసులోకి పోయేవే. ఫుల్లా ఒక్కతే మిగిలింది. తల్లి వదిలేసిన పిల్లని ఫహ్మీ జేబులో పెట్టుకుని పెంచాడు. దగ్గుతో మంచాన పడ్డాక అతని దిండు పక్కనే ఉండేది. అందుకే అతని భార్య నఫూసాకి అది బతకాలి. ఆ ఇంట్లో తను కాక అతణ్ణి అంత దగ్గరగా ఎరిగిన ప్రాణం మరొకటి లేదు.

దాని ముక్కు కారుతోంది. తుడుచుకుని తుడుచుకుని ముందుకాళ్ల బొచ్చు అట్టలు కట్టింది. ఆడపడుచు ఇన్షిరాహ్ చూడగానే కత్తి అడిగింది.

"ఊపిరుండగానే కోసెయ్యాలే పిల్లా. దానంతటది చస్తే తినడానికి పనికిరాదు. నలభయ్యో రోజు భోజనాలకి కలిసొస్తుంది."

"ఇది కోసుకునే కుందేలు కాదు వదినా."

"మరి పెళ్లి చేసే కుందేలా?"

నఫూసా ఒళ్లు మండుతూ మందుల షాపుకి పోయింది. వీధంతా డాక్టరు గారని పిలిచే ఆ షాపాయన తలైనా ఎత్తకుండా పిల్లల సిరప్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి పట్టబోతే ఫుల్లా పళ్లు బిగించుకుంది. ఒక్క చుక్క మింగలేదు.

ఇక దాన్ని బుట్టలో పెట్టుకుని బస్సెక్కింది.

"పులుసులోకా, వేపుడుకా అమ్మా?" అన్నాడు పక్కసీటాయన.

"వెళ్లి మీ అమ్మనడుగు!"

పశువుల డాక్టరమ్మ సిరప్ సీసా చూసి అదిరిపడింది. "ఇది నోట్లో పోసుంటే కడుపు పాడై చచ్చేదమ్మా! ఎవడిచ్చాడు?" ఫుల్లా ఛాతీ విని నెమ్మదించింది. "ఊపిరితిత్తుల్లోకి ఇంకా దిగలేదు. ఆలస్యం చేస్తే దిగేది." ఇంజెక్షన్ చేసింది. మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో చెప్పింది. ముక్కు గోరువెచ్చని నీటితో తుడవాలి, రోజూ గడ్డి మార్చాలి, ఉచ్చ కంపూ పొగా తగలనివ్వకూడదు.

ఆలస్యం అన్న మాట నఫూసా గుండెలో ముల్లులా దిగింది.

ఇంటికొచ్చేసరికి ఇన్షిరాహ్ ఆకు తరిగి, కత్తి నూరి సిద్ధంగా ఉంది.

"ఏదీ, ఇలా తే."

"బుట్ట మీద చెయ్యి వేశావంటే ఊరుకోను వదినా! నీ తమ్ముడు దగ్గుతున్నప్పుడూ ఇంతే. వయసైపోయింది, పెద్దాసుపత్రి ఎందుకన్నావు. తీసుకెళ్లేసరికి ఏం మిగిలిందని? ఊపిరాడని ప్రాణాన్ని చూస్తే నీకు మందు గుర్తురాదు, వంటగిన్నెలు గుర్తొస్తాయి!"

ఇన్షిరాహ్ కత్తి పక్కన పెట్టింది.

బుట్టలో ఫుల్లా తుమ్మింది.

"దేవుడు కరుణించుగాక," అనేసింది ఇన్షిరాహ్, అలవాటు కొద్దీ.

"ఆ కరుణేదో నీ తమ్ముడి మీద నువ్వు చూపించి ఉంటే బాగుండేది," అంది నఫూసా.

నలభయ్యో రోజున చుట్టాలు మాంసం లేని ములూఖియాతోనే భోంచేశారు. లోపలి గదిలో, ఫహ్మీ దిండు మీద, ఫుల్లా గడ్డి నములుతూ కూర్చుంది. ముక్కు పొడిగా ఉంది. నఫూసా మాత్రం కత్తి ఎక్కడ దాచిందో ఎవరికీ చెప్పలేదు.