మధురవాడ బ్రాంచి పచ్చగడ్డి

కరోనా తర్వాత బడులు మళ్లీ గాడిలో పడిన ఏడాది, ఆగస్టు నెలలో, ఒక విచారణ కోసం నన్ను మధురవాడ బ్రాంచికి పంపారు. విశాఖలో నాలుగైదు చోట్ల బ్రాంచీలున్న ఒక ప్రైవేటు విద్యాసంస్థ మాది. అందులో నేను పరీక్షల విభాగం పరిశీలకురాలిని. ప్రిన్సిపాళ్లకు పైనా కాదు, కిందా కాదు, పక్కన ఉండే ఉద్యోగం. నేను వస్తున్నానని తెలిస్తే టీ చిక్కబడేది, మాటలు తగ్గేవి.

మా సంస్థలో అన్ని బ్రాంచీలకూ ఒకటే ప్రశ్నపత్రం. దాన్ని హెడ్డాఫీసులో తయారుచేసేవారు. ఏ ప్రశ్నకు ఏది సరైన జవాబో చెప్పే ‘కీ’ కూడా అక్కడే రాసేవారు. దిద్దడమూ ఒకేచోట జరిగేది. దిద్దేవాళ్లకు ఏదైనా తేడాగా కనిపిస్తే ఆ కట్టకు ఎర్ర దారం కట్టి నా బల్ల మీద పెట్టాలి. అది నియమం.

ఆ రోజు ఎర్ర దారంతో వచ్చింది మూడో తరగతి పరిసరాల విజ్ఞానం కట్ట. పేపరు ఇంగ్లీషులో ఉన్నా ప్రశ్న సులువైనదే. మీ పాఠశాల ఆవరణలో కనిపించే వాటిలో ఏవి సజీవులు, ఏవి నిర్జీవులు? కింద కాకి, గోడ, గడ్డి, గేటు, చీమ అని ఇచ్చారు. మధురవాడ పిల్లలు ఒక్కరు కూడా మిగలకుండా గడ్డిని నిర్జీవుల్లో వేశారు.

మా వృత్తిలో అందరూ ఒప్పు రాస్తే బాగా చదివారంటారు. అందరూ ఒకే తప్పు రాస్తే ఎవరో చెప్పి రాయించారంటారు. తప్పు చేయడంలో ఏ ఇద్దరు పిల్లలూ ఒకలా ఉండరు మరి. బెంచీల మధ్య తిరుగుతూ మొదటి జవాబుకి చెవి, రెండోదానికి ముక్కు పట్టుకునే టీచర్లను నేను చూశాను. సరిగ్గా కావలసిన చోట దగ్గు తెచ్చుకునేవాళ్లనీ చూశాను. నాకు అనుమానం జాస్తి అని మా ఇంట్లో అంటారు. నిజమే, నేను కూరగాయల సంచీ కూడా ఇంటికొచ్చాక మళ్లీ తూచుకునే మనిషిని. ఆ గుణానికే వాళ్లు నాకు జీతమిచ్చారు.

ఆ తరగతి టీచరు నూకరత్నం. ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి, మొదటి ఉద్యోగం. మా దగ్గర టీచర్లందరికీ ఏడాది కాంట్రాక్టే. చెప్పి రాయించిందని తేలితే కాంట్రాక్టు పొడిగించరు, అనుభవ ధ్రువపత్రమూ ఇవ్వరు. ఆ కాగితం లేకుండా ఈ ఊళ్లో మరో బడి గడప ఎక్కనివ్వరు.

ప్రిన్సిపాల్ గారు నన్ను కూర్చోబెట్టగానే, “కొత్త పిల్లండి, ఏదో కంగారులో తప్పు చెప్పేసి ఉంటుంది” అన్నారు. అంత తొందరగా తన టీచర్ని అప్పగించే ప్రిన్సిపాల్ మీద కూడా నాకు అనుమానమే. ఆయన ఇంకో మాట చేర్చారు. పరిసరాల విజ్ఞానం పీరియడ్లో ఆ తరగతి గది చాలాసార్లు ఖాళీగా కనిపించేదట. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లావని అడిగితే ఆ అమ్మాయి సమాధానం చెప్పలేదట.

ఇలాంటి విచారణకు ఒక పద్ధతి ఉంది. పిల్లల్ని హాజరు వరసలో పిలవకూడదు. వెళ్లినవాళ్లు రాబోయేవాళ్లను కలవకూడదు. “ఎవరు చెప్పారు” అని ముందే అడగకూడదు. మేడ మీది లైబ్రరీ గదిలో ఒక్కొక్కరినీ పిలిచి, ముందు కాకి గురించి, గోడ గురించి అడిగాను. నా కళ్లలోకి చూసి చక్కగా చెప్పారు. గడ్డి అనగానే మొదటి పిల్లవాడు కిటికీ వైపు చూసి, “నాన్ లివింగ్ మేడమ్” అన్నాడు. రెండో పిల్లా కిటికీ వైపే చూసింది. మూడోవాడూ అంతే.

దొంగ దొరికినట్టే అనుకున్నాను. బయటి నుంచి ఎవరో సైగ చేస్తున్నారు. నాలుగో పిల్లవాడు తల తిప్పగానే దిగ్గున లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. కింద ఎవరూ లేరు. ఖాళీ గ్రౌండు పచ్చగా మెరుస్తోంది.

నూకరత్నాన్ని పిలిపించాను. జవాబు చెప్పావా అంటే, “లేదు మేడమ్” అంది. మరి అందరూ అదే ఎందుకు రాశారంటే తల దించుకుంది. పీరియడ్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లావంటే చున్నీ అంచు నలుపుతూ నిలబడింది. దాచేది లేని మనిషి అలా నిలబడదు. రిపోర్టులో మొదటి వాక్యం నా మనసులో తయారైపోయింది. కానీ ఆ కిటికీ సంగతి తేలందే సంతకం పెట్టడం నాకు చేతకాదు.

వెనక మెట్ల మీదుగా గ్రౌండులోకి దిగాను. నాలుగడుగులు వేసేసరికి చెప్పుల్లోంచి వేడి తగిలింది. వంగి ఒక పరక గిల్లాను. ప్లాస్టిక్. అడ్మిషన్ల కరపత్రం మీద అచ్చేసే పచ్చదనమంతా అదే. ఇంకా నడిచాను. కుళాయి పక్క మూలలో దాని అంచు ఊడి, మళ్లీ టేపుతో అతికించి ఉంది. నేను ఆ అంచు ఎత్తుతుంటే, సీసాలో నీళ్లు పట్టుకుంటున్న ఒక పిల్ల పరుగెత్తుకొచ్చింది. పేరు పావని, ఆ తరగతే. నా దగ్గరికి ఇంకా రాని పిల్ల.

“అది తియ్యకండి మేడమ్. ప్రిన్సిపాల్ సార్ తిడతారు.”

మీరెందుకు తీశారని అడిగాను.

“కింద ఏర్లున్నాయేటో అని సూసాం. నేవు. నీళ్లు పోసాం, స్కేలెట్టి కొలిసాం. ఎదగనేదు.”

నాన్ లివింగ్ అని టీచరు చెప్పారా అన్నాను.

“సెప్పనేదండి. మీరే సూసి సెప్పండన్నారు.”

నేను గ్రౌండులో ఉన్నానని తెలిసి నూకరత్నం దిగి వచ్చింది. ఎత్తిన అంచు నా చేతిలో చూసింది. మేడ మీద పుస్తకాల తెలుగు మాట్లాడిన అమ్మాయి ఇక్కడ తన ఊరి మాటలోకి దిగింది.

“నాను గడ్డి లివింగనే బోర్డు మీద రాసానండి. పిల్లలు ఒప్పుకోనేదు. పొలంలో గడ్డి పీకి పెరిగినదాన్ని, నాకు తెల్దేటి? ఆళ్లకి తెలిసింది ఈ గడ్డే. సరే రండి, సూద్దాం అన్నాను.”

ఈ మాట పైన ఎందుకు చెప్పలేదన్నాను.

“ఇది సూపించే అడ్మిషన్లు తెచ్చుకుంటన్నారు. ఊడదీసానంటే ఉంచుతారేటండి? ఆళ్లు వేళ్లెట్టి లాగుతుంటే అంచు నానే ఎత్తి పట్టుకున్నాను.”

కథ బాగుంది. బాగున్న కథలు నేను చాలా విన్నాను. అందుకే మళ్లీ మేడెక్కి, మిగిలిన పిల్లలతో పాటు ముందు పిలిచినవాళ్లనూ పిలిచి ఒక ప్రశ్న చేర్చాను. గేటు బయట కాలవ పక్కనున్న గడ్డి ఏమిటి? గడ్డి నిర్జీవి అని బట్టీ పట్టించి ఉంటే అక్కడ దొరికిపోతారు. ఒకడు అది లివింగ్, ఆవు తింటదన్నాడు. ఇంకొకడు వానకి ఎదిగిందన్నాడు. ఒక పిల్ల అది పీకితే మట్టి వస్తుందంది. జవాబు ఒకటే, కారణాలు మాత్రం ఎవరివి వాళ్లవి. చెప్పి రాయించిన చోట కారణం కూడా ఒకటే ఉంటుంది. నాకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. అప్పటిదాకా నూకరత్నం మీద నాకున్న కోపం ఆ కరపత్రం మీదికి మళ్లింది.

మూలలో ఏం చూశారని ప్రిన్సిపాల్ గారు అడిగారు. మీ గడ్డి చూశానన్నాను. నాకిచ్చిన పని పరీక్ష వరకే కాబట్టి టేపు సంగతి రిపోర్టులో రాయలేదు. చెప్పి రాయించిన ఆధారం లేదనీ, ప్రశ్న ఆ పాఠశాల ఆవరణ గురించే కాబట్టి పిల్లల జవాబు సరైనదనీ, కీ మార్చాలనీ రాశాను.

నూకరత్నం ఉద్యోగం నిలిచింది. పిల్లలకు మార్కు మాత్రం ఇవ్వలేదు. ఒక బ్రాంచి కోసం కీ మారిస్తే అన్ని బ్రాంచీల ర్యాంకులూ తిరగరాయాలన్నారు హెడ్డాఫీసువాళ్లు. తర్వాతి పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. ‘మీ పాఠశాల ఆవరణలో కనిపించే’ అన్న మాటలు తీసేశారు.

నేను ఊరుకోకుండా మొదటి పరీక్ష తాలూకు కూర్మన్నపాలెం బ్రాంచి కట్ట తెప్పించుకున్నాను. అక్కడ ఆవరణంతా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు, ఒక్క గడ్డిపరక లేదు. పిల్లలందరూ గడ్డిని సజీవుల్లో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నారు. దాన్ని ఎక్కడ చూశారని వాళ్లను అడగడానికి ఎవరూ వెళ్లలేదు.

నూకరత్నాన్ని అనుమానించినందుకు నాకు విచారం లేదు. అనుమానం లేకపోతే ఆ కుళాయి మూలదాకా నడిచేదాన్నే కాదు. నేర్చుకున్నది ఒక్కటే, అనుమానం ఇంకో వైపు కూడా ఉండాలని. రిటైరయ్యేదాకా, అందరూ ఒప్పు రాసిన కట్ట వచ్చినప్పుడల్లా దానికి ఎర్ర దారం నేనే కట్టేదాన్ని.